కింది గది పాట

“పెద్దమ్మా, పెద్దమ్మా” అని భవన సంఘం కార్యదర్శి గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచాడు. పెద్దమ్మ గౌను అంచు కుడుతూ తలెత్తలేదు. మిషను ధ్యాసలో పడితే ఆవిడంతే. అతను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాక నవ్వి, పాదం ఆపింది.

“ఆ మీసం కాస్త కత్తిరించుకోరాదూ నాయనా? మాటంతా అందులోనే నలిగిపోతోంది.”

“మీసం సంగతి తర్వాత చూద్దాం. కింది గదిలో మా అమ్మాయీ దాని జట్టూ వాయించే గోల మీరొచ్చి వినాలి. ఆ పాటలతో పిల్లలు చెడిపోతున్నారని భవనమంతా గగ్గోలు. మీరు చెడ్డదంటే ఇవాళే డ్రమ్ములు అమ్మేసి గదికి తాళం వేసేస్తాం.”

“నేనే చెప్పాలా?”

“మధ్యలో అడ్డు తగలకుండా, మొహంలోకి చూస్తూ ఆసాంతం వినేది ఇక్కడ మీరొక్కరేగా. అందరూ మీ పేరే చెప్పారు.”

కింది గదిలో జట్టు పిల్లలు గిటారూ మైకూ పట్టుకుని నిలబడ్డారు. అతని కూతురు డ్రమ్ముల వెనక కూర్చుని ఉంది. నల్ల బట్టలు, సగం గొరిగిన తల, పెదాలకు నల్లరంగు.

“చూడండి ఆ మూతి, బొగ్గు నమిలినట్టు” అన్నాడు తండ్రి.

“బాగానే ఉంది. ఏమన్నా చక్కగా తెలుస్తుంది.”

“పెద్దమ్మా, ఈ గది పోతే మాకింకెక్కడా చోటు లేదు” అంది ఆ పిల్ల. డ్రమ్ము పుల్లలు చేతిలోకి తీసుకుంది.

“కానీ తల్లీ, వాయించు.”

మొదటి దెబ్బకే కార్యదర్శి చెవులు మూసుకుని గోడకు అతుక్కున్నాడు. పెద్దమ్మ మాత్రం చెప్పులు విడిచి పాదాలు నేలకానించింది. పక్కనున్న స్పీకరు పెట్టె మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకుంది.

నేల నీళ్ళలా మెత్తబడింది. అరికాళ్ళలోంచి ఏదో మెల్లగా మోకాళ్ళకూ, నడుముకూ, గుండెకూ పాకింది. పెద్దమ్మ పెళ్ళికాని పిల్లయిపోయింది. పొడవాటి షెడ్డులో నలభై మిషన్లు ఒక్కసారిగా కదులుతున్నాయి. ఒళ్ళో నీలం గుడ్డ ఏరులా పారుతోంది, కుట్టుకు అంతే లేదు. ఎప్పుడో పోయిన స్నేహితురాలు పక్క మిషను ముందు కూర్చుని ఊగుతోంది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అని అడగబోయింది. అంతలో కత్తెరతో తెంపినట్టు అంతా ఆగిపోయింది. పెద్దమ్మ కళ్ళు తెరిచి తుడుచుకుంది.

కార్యదర్శి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “ఏమంటారు? ఆ బూతులు విన్నారా?”

“ఒక్క చెడ్డమాట నా చెవిన పడలేదు. ఇంత మంచి పాట దొరికి ఎన్నేళ్ళయిందో. గది పిల్లలకే ఉంచెయ్యి.”

పెద్దమ్మ మాటకు ఆ భవనంలో తిరుగులేదు. కార్యదర్శి తెచ్చిన తాళాన్ని మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

పెద్దమ్మకు చెవులు వినబడక తొమ్మిదేళ్ళయింది.