నాలుగు రోజుల నిష్ఠ

"ఆగండాగండి! అటెక్కడికి?"

డేరా గుమ్మం దగ్గర రేలీన్ చెయ్యి అడ్డం పెట్టింది.

లోపలికి దూరబోయిన ఆడమనిషి ఆగింది. యాభై దాటి ఉంటుంది. ఒంటిమీద మగవాళ్ల కోటు. గుప్పున మందు వాసన.

కాలేజీ మైదానంలో చెట్టుకొక ఎర్ర గౌను గాలికి ఊగుతోంది. ఇల్లు కదిలి మళ్లీ రాని, కెనడా ఆదివాసులైన క్రీ జాతి ఆడపిల్లల కోసం విద్యార్థులు ఏటా మే నెలలో కట్టే గౌన్లవి. వాటిలో ఒకటి రేలీన్ పెద్దమ్మ డార్లీన్ పేరిట కట్టింది. ఆవిడ మాయమై ఇరవై ఏళ్లయినా శవం కూడా దొరకలేదు.

డేరాలో అమ్మమ్మ ఉంది. కూతురి ఎముకలైనా మట్టిలో పెట్టందే పోనని భీష్మించుకుని బతుకుతున్న మనిషి. వచ్చే చలికాలం దాటడం కష్టమని డాక్టర్లు చెప్పేశారు.

"డార్లీన్ వాళ్లమ్మ లోపలుందటగా? ఒక్క మాట చెప్పాలమ్మాయ్."

"తాగొచ్చారా?"

"రెండు గుక్కలే. ధైర్యం చాలక."

"లోపల వలయంగా కూర్చుని ఒక్కొక్కరూ మాట్లాడుతున్నారు, పవిత్రమైన గద్ద ఈక చేతులు మారుతోంది పిన్నీ. మందు ముట్టిన వాళ్లు అందులో కూర్చోకూడదు. తెలీదా మీకు?"

"తెలీకేం! నేనూ క్రీదాన్నేగా. ఆవిణ్నే ఇటు పిలు. చెప్పేసి పోతా."

"మధ్యలో లేవకూడదు."

"అయితే అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటా."

"ఊరికే పోసే సూప్ కోసం వచ్చుంటుందిలే!" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

టీవీ వాళ్ల కెమెరా ఇటు తిరిగింది. తాగిన మనవాళ్లు కనబడితే చాలు, వాళ్లకి పండగే. రేలీన్‌కి తల కొట్టేసినట్టయింది.

"ఇలా వస్తే అమ్మమ్మ మీ మొహమైనా చూడదు. మన ఆచారం ప్రకారం నాలుగు రోజులు చుక్క ముట్టకుండా ఉండి రండి. చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్తా."

"నాలుగు రోజులా..." ఆవిడ కోటు దగ్గరికి లాక్కుంది. "నావల్ల అవుతుందంటావా?"

"మనసుంటే ఎందుకవదు?"

ఆవిడ రేలీన్ మొహంలోకి అలాగే చూసింది. "సరేనమ్మా. నిష్ఠగానే వస్తా."

పేరైనా అడగలేదు రేలీన్. గండం గడిచిందనుకుంది.

ఆ వారం దాటినా ఆవిడ రాలేదు. నిలువ నీడ లేని ఆడవాళ్లకి గదులిచ్చే సత్రం నుంచి వెర్నా అనే ఆవిడ మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"డేరా దగ్గర ఐరిస్‌తో మాట్లాడింది నువ్వేనా అమ్మా?"

"మగవాళ్ల కోటు వేసుకున్నావిడా? రమ్మంటే రానేలేదు. మళ్లీ మొదలెట్టిందా?"

"లేదు. చుక్క ముట్టలేదు. గడియ పెట్టుకుని, ఎవరు పిలిచినా పలకలేదు. ఏళ్ల తరబడి తాగిన ఒళ్లు, ఉన్నపళంగా మానేస్తే తట్టుకుంటుందా? డాక్టరు దగ్గరుండి మాన్పించాలి. మూడో రోజుకి ఫిట్స్ వచ్చాయి. తలుపు పగలగొట్టి చూస్తే ఏముంది, అయిపోయింది."



"నాకు తెలీదు... అందరికీ చెప్పేదే చెప్పాను..."

"తెలిసి చేస్తావా తల్లీ! పోలీసులకి ఆ రోజుల్లోనే చెప్పిందట. తాగుబోతు వాగుడని తరిమేశారట. ఇక చెబితే ఆ తల్లికే చెబుతానంది. మేమెంత అడిగినా పూర్తిగా విప్పి చెప్పలేదు."

"ఎవరే వచ్చింది?" లోపల్నించి అమ్మమ్మ కేకేసింది.

రేలీన్ వెర్నా దగ్గరికి జరిగింది. "ఏం చెప్పాలనుకుంది?" అని గుసగుసగా అడిగింది.

వెర్నా లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆ రాత్రి మీ పెద్దమ్మతో పాటు ఎవరిదో లారీ ఎక్కింది ఐరిసేనమ్మా, డార్లీన్‌ని ఎక్కడ పూడ్చారో చూసి పారిపోయొచ్చింది అదొక్కతే."