నీళ్ళు తాగే కప్పు

కంపౌండరు పొద్దున్నే నిచ్చెనెక్కి కప్పు మీద నీళ్ళు చల్లుతుంటే, కింద వరండాలో అప్పుడే చెప్పుల చప్పుడు మొదలైంది.

"వచ్చారు మహానుభావులు" అని పళ్ళు నూరుకుంటూ పైపు కట్టేశాడు.

తప్పంతా ఆ కప్పుదే. అబ్బాయి పనిచేసే రబ్బరు ఫ్యాక్టరీలో కొత్తరకం షీట్లు తయారుచేశారు. రబ్బరులో నీళ్ళు పీల్చుకునే పాలిమర్ పొడి కలుపుతారు. పసిపిల్లల డైపర్లలో ఉంటుందే, ఆ జాతి సరుకు. పొద్దున నీళ్ళు పోస్తే కడుపునిండా తాగి ఉబ్బుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఆ నీళ్ళు మెల్లగా ఆవిరవుతూ, ఇంట్లోకి దిగాల్సిన వేడిని తమతో పట్టుకుపోతాయి. వేసవిలో ఎలా పనిచేస్తాయో చూద్దామని ఫ్యాక్టరీవాళ్ళు అబ్బాయి ఇంటి మీదే వాటిని పరిపించారు.

రిటైరయ్యాక పొద్దుపోక ఉసూరుమంటున్న కంపౌండరుకు ప్రాణం లేచొచ్చింది. పనివాళ్ళ నెత్తిన కూర్చుని అతుకులు దగ్గరుండి వేయించాడు. నీళ్ళు పోసే బాధ్యత ఇంకెవరికీ ఇవ్వలేదు. "మందైనా నీళ్ళయినా మోతాదు ముఖ్యం. మీకు తెలీదు" అన్నాడు.

బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల గదిలో మాత్రం కుండ పక్కన కూర్చున్నట్టు ఉండేది. ఆ సంగతి ఈ నోటా ఆ నోటా పడి వీధంతా పాకింది.

ముందు దర్జీ వచ్చాడు, గుండీలు కుట్టాల్సిన చొక్కాల మూటతో. తర్వాత బ్యాంకు వాచ్‌మన్ వచ్చాడు, దిండు చంకలో పెట్టుకుని. ఆ వెనకే హార్మోనియం మాస్టారు, పెట్టెతో సహా. వాళ్ళు చాపల మీద సర్దుకున్నంతకాలం కంపౌండరు ఓర్చుకున్నాడు. ఈరోజు ఆయన నిచ్చెన దిగి వచ్చేసరికి, ఆయన పడక్కుర్చీలో వాచ్‌మన్ గుర్రుపెడుతున్నాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో ఫ్యాను లేదా?" అని తట్టి లేపాడు.

"ఉందండీ. వేడిగాలి బాగానే విసురుతుంది" అన్నాడు వాచ్‌మన్, ఇంకో పక్కకి తిరుగుతూ.

కంపౌండరు తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు.

"చూశావా అమ్మాయ్, ఇది ఇల్లా, సత్రమా?"

అబ్బాయి భార్య టీ వడకడుతోంది. "ఏం చేయను బాబాయ్? టీపొడి డబ్బా నింపడం, అడుగంటడం. పిల్లాడు పుస్తకం తీద్దామంటే జానెడు చోటు లేదు. అలాగని కొందరికి పొమ్మని ఎలా చెప్తాం?" అని ఆయన వైపు చూసి నవ్వి, గ్లాసు అందించింది.

"నీకు మొహమాటం. నాకు లేదు. ఈ పని నాకొదిలెయ్."

మర్నాడు ఆయన కప్పు మీద చుక్క నీరు పోయలేదు. మధ్యాహ్నానికి గది పొయ్యి మీది పెనంలా తయారైంది. దర్జీకి చెమట కళ్ళలో పడి సూది వేలికి గుచ్చుకుంది.

"ఏమైంది కంపౌండరుగారూ?"

రోగి బంధువులకు విషయం చెప్పేటప్పుడు పెట్టే ముఖం పెట్టాడు కంపౌండరు. "కప్పుకు దాహం వేస్తోంది. పైపులో నీళ్ళు పైకెక్కడం లేదు. రేపట్నుంచి ఇక్కడ నడుం వాల్చేవాళ్ళు తలా పది బకెట్లు మోయాలి."

"మీకో న్యాయం, మాకో న్యాయమా?" అన్నాడు దర్జీ.

"నేను వేసవి మొదలైనప్పట్నుంచీ పోస్తూనే ఉన్నాను. నేనొక్కడిని పోసి మీ అందరి నెత్తీ చల్లబరచాలా?"

వాచ్‌మన్‌కు పాత నడుంనొప్పి గుర్తొచ్చింది. బరువులెత్తితే గొంతు పోతుందని హార్మోనియం మాస్టారు ఎక్కడో విన్నాడట. దర్జీ గబగబా మూట కట్టుకున్నాడు.

ఆ మర్నాడు వరండాలో ఈగ కూడా వాలలేదు. కంపౌండరు ఈలవేస్తూ కప్పుకు రెండు మోతాదులు పోశాడు. గది మళ్ళీ చల్లబడింది. పడక్కుర్చీలో కాళ్ళు బారజాపుకుని సాయంత్రం దాకా హాయిగా కునుకు తీశాడు.

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అబ్బాయి చుట్టిపెట్టిన చాపలు చూసి ఆశ్చర్యపోయాడు.

"అందర్నీ పంపించేశారా బాబాయ్?"

"అందర్నీ."

"ఇంకెవరూ మిగల్లేదా?"

"ఒక్క పురుగు కూడా."

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆవిడ గభాలున గిన్నెల వైపు తిరిగిపోయింది.

నలుగురూ కలిసి భోజనానికి కూర్చున్నారు. కంపౌండరు ఉత్సాహంగా మారు వడ్డించుకున్నాడు.

"మనిషన్నాక ఇంగితం ఉండాలిరా అబ్బాయ్. చల్లగా ఉంది కదా అని పగలంతా తిష్ట వేస్తే, పాపం ఆడమనిషి ఎన్నాళ్ళని టీలు కాచిపోస్తుంది? నాలాంటివాడు ఒకడు గట్టిగా నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది."

"అవును బాబాయ్, మీలాంటివారు ఇంకొకరు లేరు" అన్నాడు అబ్బాయి, తల వంచుకుని అన్నం కలుపుకుంటూ.

కంపౌండరు తృప్తిగా త్రేన్చి, చెయ్యి కడుక్కుని, పిల్లవాడి తల నిమిరి, గేటు గొళ్ళెం మరిచిపోవద్దని ఇద్దరికీ చెప్పి, చెప్పులేసుకుని, పక్కనే ఉన్న తన సొంత రేకుల ఇంటికి పడుకోవడానికి వెళ్ళిపోయాడు.