అందరికీ ఒకే నంబరు

ఆదివారం పొద్దున పదిన్నరకు రక్తదాతల వెబ్‌సైటు పరువు పోయింది. కొత్తగా మారుస్తున్న సైటు పనిచేస్తుందో లేదో చూద్దామని కోదాడలో తన కంప్యూటర్ షాపులో కూర్చుని ఉమ ఒక బటన్ నొక్కితే, మిర్యాలగూడలో అరవై మంది దాతల ఫోన్లకు ‘రక్తం అత్యవసరం’ అని మెసేజ్ వెళ్లింది. రైసు మిల్లు హమాలీలు పదహారు మంది బస్తాలు దించేసి దవాఖానకు పరుగెత్తారు. అక్కడ ఎవరికీ రక్తం అక్కర్లేదు.

సాయంత్రం సైటు నడిపే నలుగురూ మునగాల దగ్గర హైవే మీది దాబాలో కూర్చున్నారు.

“ఇంకోసారి గిట్లయితే ఒక్కడు రాడు,” అన్నాడు మిర్యాలగూడ నుంచి వచ్చిన లింగస్వామి. ఆ హమాలీల పేర్లు రాయించింది ఆయనే. “లారీ కాడ పని ఇడిసిపెట్టి ఉరికిండ్రు. అక్కడ నర్సు నవ్విందట. నాకు ఫోన్ చేసి ఏమేం తిట్టిండ్రో చెప్పాల్నా?”

“వద్దులే. ఆడపిల్ల ఉన్నది,” అన్నాడు మురళీధర్. సూర్యాపేట దాతల సంగతి ఆయన చూస్తాడు.

ఉమ టీ గ్లాసు ముట్టలేదు. “నేను మొదటి నుంచీ చెప్తున్నాను సార్. సైటుకు నకలు ఒకటి ఉండాలి. ఏం చేసినా ముందు దాని మీద చేసి చూసుకోవాలి. మనకున్నది ఒక్కటే. ఏ ప్రయోగమైనా జనం చూసే దాని మీదే చేయాల్సి వస్తోంది.”

“పుణ్యానికి నడిపేదానికి మళ్ల నకలు గూడనా?” అన్నాడు మురళీధర్.

“అయితే రేపు ఓ ముప్పావు గంట మూసేద్దాం. ఆలోపు చూసేస్తాను.”

“ఆ ముప్పావు గంటల ఎవరికన్న రక్తం కావాల్సొస్తే?” అన్నాడు లింగస్వామి.

అంతవరకు వింటూ కూర్చున్న పౌలు అప్పుడు మాట్లాడాడు. ఆయన బడిలో తెలుగు చెప్తాడు. సైటులో ప్రతి మాటా ఆయన రాసిందే.

“మూయొద్దు. దాతలకు ఉత్త ఫోన్లు, ఉత్త మెసేజ్‌లు పోకుంటె సాలు గద. ఆ కాసేపు అందరి పేర్లకు ఒక్కటే నంబరు పెట్టు. నాది పెట్టమ్మా.”

ఉమ ఆలోచించింది. సైటులో దాతల నంబర్లు పైకి కనిపించవు. పేరు పక్కనున్న ఫోన్ బొమ్మ నొక్కితే కాల్ వెళ్తుంది.

“చేయొచ్చు సార్. నేను ఒక్కో పేరు నొక్కి చూస్తాను, అన్నీ మీకే వస్తాయి. కానీ ఆ టైములో నిజంగా ఎవరైనా చేస్తే, అదీ మీకే వస్తుంది.”

“ఎత్తి మాట్లాడుత. అసలు నంబర్ల కాయితం నా సంచిలనే ఉంటది. దాతకు నేనే చెప్త. రేపు మూడో పీరియడ్ నాకు ఖాళీ. పదకొండింటికి పెట్టుకో.”

“సారు నిద్రల గూడ ఫోన్ ఎత్తేటోడు,” అని లింగస్వామి అప్పుడు నవ్వాడు.

సోమవారం పదకొండుకు రెండు నిమిషాల ముందు ఉమ మెసేజ్ పెట్టింది: ‘నంబర్లు మార్చేశాను సార్.’ పౌలు ‘సరే’ అని జవాబిచ్చి, సంచిలోంచి కాగితం తీశాడు.

“పౌలు సార్,” అంటూ వచ్చింది ప్రధానోపాధ్యాయురాలు కృపారాణి. “సైన్సు మేడమ్ రాలే. తొమ్మిదో తరగతి పిల్లలు లొల్లితోని బడి లేపుతున్నరు. జర పోతరా?”

“నాకు ఫోన్లు వచ్చేటివి ఉన్నయి మేడమ్.”

“క్లాసుల ఫోన్ వద్దని మనమే అనుకున్నం గద సార్. నా టేబుల్ మీద పెట్టి పోండ్రి. మోగితే వెంటనే పిలుస్త.”

ఆయన ఫోన్ ఆమె బల్ల మీద పెట్టాడు. కాగితం మడిచి దాని కింద పెట్టి, తరగతికి వెళ్లాడు.

బెల్లు కొట్టగానే తిరిగి వచ్చాడు.

“ఒక్కసారి గూడ మోగలే సార్,” అన్నది కృపారాణి.

తెర మీద ఇరవై ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తరగతికి వెళ్లే ముందు ఫోన్ మోత ఆపేయడం ఆయనకు పదిహేనేళ్ల అలవాటు. ఈరోజూ చెయ్యి దాని పని అది చేసేసింది.

ఆయన ఒక్కొక్కటే తెరిచి చూశాడు. అన్నీ ఒకే నంబరు నుంచి వచ్చాయి. కాగితం విప్పాడు. ఓ నెగటివ్ రక్తం ఉన్నవాళ్ల వరసలో తొమ్మిది పేర్లున్నాయి. ఒక్కో పేరుకు మూడేసి సార్లు నొక్కితే ఇరవై ఏడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఉమ పద్ధతిగల పిల్ల. షాపులోని రెండో ఫోన్‌తో చేసినట్టుంది. పని అయిపోయాక అదే నంబరు నుంచి మెసేజ్ కూడా పెట్టింది: ‘ఇగ అవుసరం లేదు.’

ఆయన ఉమకు ఫోన్ చేశాడు.

“మంచిగ పనిచేసిందమ్మా. ఇరవై ఏడు వచ్చినయి. ఎత్తకపోతి, ఏమనుకోకు. కాని ‘అవుసరం’ కాదు, ‘అవసరం’ అని రాయాలె. సైటుల తప్పు పోవద్దు.”

ఉమ అడ్డొచ్చింది.

“ఏ మెసేజ్ సార్? నంబర్లు మార్చిన ఐదు నిమిషాలకే ఇక్కడ కరెంటు పోయింది. ఇంకా రాలేదు. నేను ఒక్క కాల్ కూడా చేయలేదు. ఫోన్ మీ చేతిలో ఉంది కదా అని పాత నంబర్లు మళ్లీ పెట్టడానికి తొందరపడలేదు.”

కాగితం ఆయన చేతిలోనే ఉంది. ఓ నెగటివ్ వరసలో మొదటి పేరు ఆయనదే.

ఆ నంబరుకు పౌలు ఇంతవరకు తిరిగి ఫోన్ చేయలేదు.