కాళ్ళకింది నాపరాయి

"నీ గొంతు సారుకి అందట్లేదమ్మాయ్. నాకు చెప్పు, నేను అడుగుతా," అన్నాడు మాచర్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఆపరేటరు కోటయ్య, హెడ్‌ఫోను సర్దుకుంటూ.

కౌంటరు ఇవతల అబిదా చేతిలో రిసీవరు గరగరలాడుతోంది. అవతల ట్రంక్ కాల్లో యూనివర్సిటీ ప్రొఫెసరు.

"నా పీహెచ్‌డీ అయిపోయింది, ఆయన దగ్గర రీసెర్చి పోస్టు ఏదన్నా ఉందేమో అడుగు బాబాయ్."

కోటయ్య అవతలికి అరిచి అడిగి, ఆమెవైపు తిరిగాడు. "దేనిమీద చేశావంటన్నాడు?"

"మన నాపరాళ్ళ మీద. వాటిల్లో మిగిలిన పాత సముద్రం గుర్తుల మీద."

కోటయ్య ఆమెవైపు ఓసారి చూసి, ఆ మాటల్నే అవతలికి జాగ్రత్తగా అరిచాడు. తర్వాత చాలాసేపు విన్నాడు.

"పోయిన నెలే ఎవర్నో తీసుకున్నారంట. ఇప్పుడేం లేవంటన్నాడమ్మా."

"సరే. థాంక్స్ చెప్పు."

రిసీవరు పెట్టేసి గుమ్మం దాకా నడిచింది. ఇంటికెళ్తే వాళ్ళ అబ్బా అడిగేది ఒక్కటే: వచ్చిందా, రాలేదా? ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ అంతకుమించి అడిగింది లేదు.

"అమ్మాయ్!"

వెనక్కి తిరిగింది. కోటయ్య హెడ్‌ఫోను తీసేసి, తన కాళ్ళకింది బండను చూస్తున్నాడు.

"ఇదీ నాపరాయేగా? దీంట్లోనూ ఉందా, సముద్రం?"

అరిగిన బూడిదరంగు బండమీద సన్నటి అలల గీతలు. ఆ ప్రశ్న కోసం ఎదురుచూడటం అబిదా ఎప్పుడో మానేసింది.

"ఉంది బాబాయ్," అంటూ వచ్చి నేలమీద కూర్చుంది. "చెయ్యి ఇక్కడ పెట్టి చూడు."