మోకాళ్ల దాకా అమ్మ

దర్శకురాలు ఐదుగురు నటీమణుల ఫొటోలు బల్లమీద పరిచింది.

"మాస్టారూ, మీ పాత కార్టూన్‌ని మనుషులతో సినిమాగా తీస్తున్నాం గానీ, అందులో పిల్లాడి అమ్మ ముఖం మీరు ఒక్కసారీ గీయలేదు. ఎప్పుడు చూసినా మోకాళ్ల దాకానే! ముఖం కనిపిస్తుందేమోనని చిన్నప్పుడు టీవీ కింద నుంచి తొంగిచూసేదాన్ని."

ముసలి చిత్రకారుడు నవ్వాడు.

"ఇప్పుడైనా చెప్పండి. వీళ్లలో ఎవరిలా ఉంటుంది?"

"నాకేం తెలుసమ్మా? మా అమ్మ నాకు మూడేళ్లప్పుడే పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. నేలమీద ఆడుకుంటూ చూసినంతే గుర్తు. గుర్తున్నంతా గీశాను."

దర్శకురాలు నాలుక కరుచుకుంది. గబగబా ఫొటోలు తీసేయబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"ముఖం మీ ఇష్టం తల్లీ. పాదాలు మాత్రం నాకు చూపించి పెట్టుకోండి. అవైతే గుర్తుపడతాను."