ఫోనాట

సూర్యకళ టీచరు రెండు కుర్చీలు వీపు వీపు ఆనించి వేయించింది. రెండు ఖాళీ పౌడరు డబ్బాలు తీసింది. అవే ఫోన్లు.

"ఒకరు అడగాలి, ఒకరు జవాబు చెప్పాలి. మొహాలు చూసుకోకూడదు. ఆశాజ్యోతీ, రా. ఎవరికి చేస్తావు?"

"మా అమ్మకండి. కువైట్‌లో ఉందండి."

ఎవరికి తెలియదు ఆ సంగతి! రెండేళ్ళప్పుడు వదిలి వెళ్ళిన తల్లి మొహం ఆ పిల్లకి గుర్తే లేదు. ఆదివారం చర్చి అయ్యాక ఎస్టీడీ బూత్‌కి వచ్చే గొంతే అమ్మ.

అమ్మమ్మ పేరు పాపాయి. ఆశ వెంట బూత్‌కి వెళ్తుంది గానీ రిసీవరు ముట్టుకోదు.

"నాకేం వినపడి చస్తుందే, నువ్వే మాట్లాడు," అని బయట కూర్చుంటుంది.

పాపం, నాలుగేళ్ళుగా బ్రహ్మచెవుడు. పిల్లవెధవలు వెనకాల చేరి "చెవిటి మామ్మా!" అని అరిచినా తిరిగి చూడదు.

"అమ్మగా ఎవరుంటారు?" అంది టీచరు.

ఒక్కరూ లేవలేదు.

గుమ్మం దగ్గర ఎవరో ఒకావిడ సంచితో నిలబడి ఉంది.

"బెల్లు కొట్టాక రావాలండీ!" అని కసిరింది టీచరు. అంతలోనే మనసు మార్చుకుంది. "పోనీ రండి. మా పిల్లకి కాసేపు అమ్మగా ఉండండి."

"నేనాండీ?" అంటూనే వచ్చి కూర్చుందావిడ.

"హలో అమ్మా, అన్నం తిన్నావా?" అడిగింది ఆశ.

ఆవిడ రెండో డబ్బా చెవికి ఆనించుకుంది.

"తిన్నాను బంగారం. నువ్వు తిన్నావా?"

ఆశ చేతిలో డబ్బా జారిపోయింది.

"అమ్మా!"

చుట్టూ తిరిగొచ్చి మెడ వాటేసుకుంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. టీచరుకి కళ్ళు చెమర్చాయి.

"అమ్మమ్మని తీసుకొస్తా!" అని ఆశ పరుగు తీసింది. టీచరు మిగతా పిల్లల్ని ఆటకి పంపింది.

ఆవిడ కుర్చీలోంచి లేవలేదు.

"నేను వాళ్ళమ్మని కాదండి. నా పేరు వీరవేణి. వాళ్ళమ్మ దేవకుమారీ, నేనూ అక్కడ ఒకే గదిలో ఉండేవాళ్ళం. జ్వరంతో పోయిందండి, నాలుగేళ్ళ కిందట. అక్కడే మట్టి చేశారు. 'నా బిడ్డకి ఫోను మానకు' అని చేతిలో చెయ్యి వేయించుకుంది. అప్పటి నుంచి నేనే చేశానండి."

"అయ్యో దేవుడా! మరి ఇప్పుడెందుకొచ్చారండీ?"

"నేను వచ్చేశానండి. ఇక ఫోను రాదు. మామ్మగారికి వినపడదు కదా, మీ చేత చెప్పిద్దామనుకున్నాను. పాప గొంతు పట్టేస్తుందనుకోలేదు."

టీచరు గుమ్మం వైపు చూసింది. ముసలావిడ చూడగానే 'ఇది నా కూతురు కాదు' అంటే? అనొద్దని అరిచి చెప్పాలన్నా పిల్ల పక్కనే ఉంటుంది!

అంతలోనే వాళ్ళు వచ్చేశారు.

"చూడు అమ్మమ్మా, అమ్మ!"

పాపాయి గుమ్మంలోనే ఆగిపోయింది. వీరవేణి మొహం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. వీరవేణి తలెత్తలేదు.

"వచ్చావా తల్లీ," అంది పాపాయి చివరికి. "రా, ఇంటికెళ్దాం."

ఆశ సంచి లాక్కుని ముందు పరిగెత్తింది.

"నన్ను క్షమించండమ్మా," అని గొణిగింది వీరవేణి. పక్కనున్న టీచరుకే సరిగ్గా వినపడలేదు.

పాపాయి ఆమె తల నిమిరి భోరుమంది.

"ఆ మొదటి ఆదివారం ఫోను ముందు నేనే ఎత్తానమ్మా. నువ్వు హలో అనగానే నా కూతురు లేదని తెలిసిపోయింది. పిల్లకి అమ్మ ఉండాలని, ఆ రోజు నుంచే నాకు చెవుడు."