ఏడు వేల అడుగులు

"ఏడు వేల అడుగుల ఎత్తులోనే ఉండండి," అంది భార్య, కాగితం చూసి.

"ఉన్నాను," అన్నాడు ఆయన.

భోజనాల బల్ల మీద కంప్యూటరు. దాని ముందు విమానం స్టీరింగు లాంటిదొకటి, కాళ్ల దగ్గర పెడల్స్. కంచాలకు చోటు లేక రెండు నెలలుగా మొగుడూ పెళ్ళాలు వంటింట్లో నిలబడే తింటున్నారు. ఈ ఆటలో ఆమెది కంట్రోల్ టవర్ పని. ప్రమాదం జరిగిన రోజు టవర్ నుంచి వచ్చిన మాటలన్నీ టైముతో సహా కాగితం మీద ఉన్నాయి. గడియారం చూసుకుంటూ, ఏ టైముకి ఏ ముక్క ఉంటే అది చదవాలి. అక్షరం మార్చకూడదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవకూడదు.

"ఇంకా ఏడు వేలలోనే ఉండండి." కాసేపాగి, "ఇప్పుడు దిగండి."

అప్పటికే రన్‌వే దగ్గర పడిపోయింది. ఆయన విమానం ముక్కు బాగా కిందికి వంచాడు. వేగం పెరిగిపోయింది. మళ్ళీ పైకి లేచి ఇంకో చుట్టు తిరుగుదామంటే ఇంధనం లేదు. ఆ రోజు ఎంతుందో అంతే పెట్టుకున్నాడు మరి. రన్‌వే సగం దాటాక చక్రాలు ఆనాయి. విమానం ఆగకుండా పోయి, చివరన ఉన్న కాలవలో పడింది.

"అరవై మూడోసారి," అన్నాడు.

ప్రమాదం జరిగిన మర్నాటి నుంచి ఆయన్ని డ్యూటీకి రావద్దన్నారు. సోమవారం విచారణ కమిటీ ముందు కూర్చోవాలి. ఈలోగా ఇవే మాటలతో విమానం ఒక్కసారి సరిగ్గా దిగితే చాలు, తలెత్తుకుని వెళ్తానంటాడు. అది దిగితే కదా, పాపం.

శనివారం మధ్యాహ్నం పై వాటాలోని రిటైర్డ్ పైలట్‌ని ఆమె బతిమాలి తీసుకొచ్చింది. కొత్తగా అద్దెకొచ్చిన మనిషి, సంగతులు పెద్దగా తెలీవు. "ఇదెంత పని," అంటూ కూర్చున్న పెద్దాయన మూడుసార్లు దించబోయి, మూడుసార్లూ కాలవలోనే పడ్డాడు.

కాగితం తీసుకుని పైనుంచి కిందిదాకా చదివాడు.

"కింద ఇంకో విమానం ఉందని మొదటిసారి పైనే ఆపారు, బాగానే ఉంది. రెండోసారి ఆపేటప్పటికి అదెప్పుడో దాటిపోయింది. టవర్‌లో మనిషి చూసుకోలేదు. ఇక ఎవరి చేతిలోనైనా ఇంతే సార్. మీ తప్పేం లేదు. హాయిగా పడుకోండి."

ఓదార్చాననుకుని ఆయన దారిన ఆయన వెళ్ళిపోయాడు. ఇంటాయన కాగితం మళ్ళీ భార్య చేతిలో పెట్టాడు.

"ఇంకొక్కసారి చదువు," అన్నాడు భార్యతో.

"ముందు అన్నం తినండి."

"చదువు."

చదివింది. ఈసారి విమానం తొందర పడకుండా, బుద్ధిగా కిందికొచ్చి, రన్‌వే మధ్యలోనే ఆగింది. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం ఆమె చేతిలోంచి కాగితం లాక్కున్నాడు.

"రెండోసారి ఆగమన్న ముక్క చదవలేదు కదూ?"

"లేదు. దాని బదులు దిగమనేశాను. ఒక్కసారైనా దిగితే మీ మనసు కుదుటపడుతుందని..."

ఆయన కంప్యూటరు కట్టేశాడు. బల్ల మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ రోజు విమానం నడిపిన మనిషి ఆ కాలవలోనే పోయాడు. టవర్‌లో మైకు ముందు కూర్చుని, ఏడు వేలలోనే ఉండమని రెండోసారి చెప్పింది ఈయనే.